ఇంటి దగ్గరే ఎలక్ట్రోడైనమిక్స్ – 6వ పాఠం: కండెన్సర్ మధ్యలో కరెంట్ ఏమైంది?

పోయిన పాఠంలో ఆవేశ నిత్యత్వం చూశాం. ఒక పెట్టెలోంచి కరెంట్ బయటికి పోతోందంటే లోపలి ఆవేశం అంతే వేగంగా తగ్గాలి. ఆ సమీకరణాన్ని పక్కనే పెట్టుకోండి, ఈ రోజు పనంతా దానితోనే.

మా ఇంట్లో ఫ్యాన్ నెమ్మదించిందని మొన్న కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి కొత్త కండెన్సర్ తెచ్చాను, 2.5 మైక్రోఫారడ్‌ది. పాతదాన్ని కోసి చూస్తే లోపల పల్చటి ప్లాస్టిక్ పొర, దాని మీద లోహపు పూత, అంతా చాప చుట్టినట్టు చుట్టి ఉంది. ఒక పూత నుంచి రెండో పూతకు దారే లేదు. అయినా దీన్ని 230 వోల్టులు, 50 హెర్ట్జ్ లైనుకు నేరుగా కలిపితే తీగలో సుమారు 0.18 ఆంపియర్ల కరెంట్ నడుస్తుందని లెక్క చెబుతుంది. (ఇది కాగితం మీద చేసే లెక్క మాత్రమే, ఇంట్లో కలిపి చూడకండి.)

ఇప్పుడు ఆంపియర్ నియమం. ఒక వలయం వెంట అయస్కాంత క్షేత్రాన్ని కూడుకుంటూ చుట్టి వస్తే వచ్చే మొత్తం, ఆ వలయం అంచుగా ఉన్న ఉపరితలాన్ని దాటే కరెంట్‌కు మ్యూ నాట్ (ఒక స్థిరాంకం) రెట్లు. ఏ ఉపరితలం? ఏదైనా పరవాలేదంటుంది నియమం. చిక్కు అక్కడే ఉంది.

చాయ్ బండి దగ్గర టీ వడపోసే గుడ్డను గుర్తు తెచ్చుకోండి. పైన ఇనుప రింగు, కింద వేలాడే గుడ్డ సంచి. రింగే మన వలయం. గుడ్డను రింగు మీద బిగించి పరిచినా, సంచిలా వదిలేసినా అంచు మారదు. రింగు మధ్యలోంచి తీగను కిందికి దింపండి. గుడ్డ బిగించి ఉంటే తీగ దాన్ని గుచ్చుకుని పోతుంది: 0.18 ఆంపియర్లు. సంచిగా వదిలి, దాని అడుగును కండెన్సర్ రెండు రేకుల (ఇందాకటి లోహపు పూతలే అనుకోండి) మధ్యకు దించితే తీగ పై రేకు దగ్గరే ఆగిపోతుంది, గుడ్డను ఏదీ దాటదు: సున్నా. రింగు ఒకటే, క్షేత్రం ఒకటే, జవాబులు రెండు! ఇక్కడ ఆగి బొమ్మ గీయండి. గీయకుండా ముందుకు పోతే మిగతాదంతా ఒట్టి సూత్రాల్లా కనబడుతుంది.

గుడ్డను దాటని కరెంట్ పై రేకు మీద ఆవేశంగా పేరుకుంటోంది. రేకుల మధ్య శూన్యమే ఉందనుకుంటే, గాస్ నియమం ప్రకారం ఆ ఆవేశం సంచిని దాటే విద్యుత్ అభివాహానికి (ఉపరితలాన్ని దాటే విద్యుత్ క్షేత్రం మొత్తానికి) ఎప్సిలాన్ నాట్ (ఇదీ ఒక స్థిరాంకమే) రెట్లు. కాబట్టి అభివాహం మారే వేగాన్ని ఎప్సిలాన్ నాట్‌తో గుణిస్తే సరిగ్గా తీగలోని కరెంటే వస్తుంది. దాన్ని కూడా నియమంలో కలిపితే రెండు గుడ్డలూ ఒకే జవాబు చెబుతాయి. దీని పేరు స్థానభ్రంశ ప్రవాహం. పేరు విని లోపల ఏదో పారుతోందనుకోవద్దు. ప్లాస్టిక్‌లో అణువుల ఆవేశాలు కాస్త జరుగుతాయి కానీ, శూన్యంలో మారేది క్షేత్రం ఒక్కటే.

పాత ఆంపియర్ నియమంలో కరెంట్ అయస్కాంత క్షేత్రపు కర్ల్‌కు (క్షేత్రం ఒక బిందువు చుట్టూ ఎంత సుడి తిరుగుతోందో చెప్పేది) అనుపాతంలో ఉంటుంది. కర్ల్‌కు డైవర్జెన్స్ (ఒక బిందువు నుంచి ఎంత బయటికి పోతోందో చెప్పేది) ఎప్పుడూ సున్నా కాబట్టి, ఆ నియమం ప్రకారం ఎక్కడా ఆవేశం పేరుకోకూడదు. కొత్త పదం ఆ తప్పును సరిచేస్తుంది.

1861–62లో మాక్స్‌వెల్ ఈ పదాన్ని చేర్చింది కండెన్సర్ వాదనతో కాదు. ఈథర్‌ను (ఖాళీ అంతటా నిండి ఉందని అప్పట్లో అనుకున్న పదార్థం) సాగే గుణమున్న యంత్రంలా ఊహించుకుని అక్కడికి చేరాడు. ఆ ఊహ పోయింది, పదం నిలిచింది. మారే అయస్కాంత క్షేత్రం విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుందనే తన నియమాన్ని ఫారడే 1831లో తీగ చుట్టలతో చేసి చూపించాడు కదా, మరి ఇది ప్రయోగంలో ఎందుకు చిక్కలేదు? 5 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న గుండ్రటి రేకుల మధ్య విద్యుత్ క్షేత్రం సెకనుకు లక్ష కోట్ల వోల్ట్ పర్ మీటర్ చొప్పున పెరుగుతోందనుకోండి. అంత వేగంలోనూ అంచు దగ్గర అయస్కాంత క్షేత్రం 0.28 మైక్రోటెస్లా. మన హైదరాబాద్‌లో భూమి అయస్కాంత క్షేత్రమే దాదాపు 40 మైక్రోటెస్లాలు.

అభ్యాసం: అదే రేకుల కేంద్రం నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో, అంటే అంచుకు బయట, అయస్కాంత క్షేత్రం ఎంత? జవాబు చూసుకున్నాక, 7వ పాఠంలో ఇదే పదాన్ని ఫారడే నియమంతో కలిపి తరంగ సమీకరణం రాబడదాం.