కాల్ రికార్డింగ్ ఫోన్లో ఎక్కడ దాక్కుంటుంది? ఎలా పట్టుకోవాలి?

గాజువాకలో మా పెద్దమ్మ వాళ్లు వంటింట్లో టైల్స్ వేయిస్తున్నారు. గోడకి ఎంత ఎత్తు దాకా వెయ్యాలన్న దగ్గర మేస్త్రికీ ఆవిడకీ పేచీ వచ్చింది. లింటెల్ దాకా అన్నానని ఈవిడ, నాలుగడుగులే అన్నారు కదమ్మా అని ఆయన. "ఫోన్లో మాట్లాడిందంతా రికార్డయ్యుందిరా. అదొక్కటి తీసి పెట్టు, మిగతాది నేను చూసుకుంటాను" అని నాకు కబురు పెట్టింది. పది నిమిషాల పనే కదా అని మద్దిలపాలెంలో బస్సెక్కాను. మొత్తం గంటా నలభై నిమిషాలు పట్టింది. అంత సేపు పట్టడానికి కారణం నా తొందరే. ఆండ్రాయిడ్ ఫోన్ వాడే మీకు అంత సేపు పట్టకూడదని ఇది రాస్తున్నాను.

నేను చేసిన పొరపాటేంటంటే, ఫోన్ చేతికి రాగానే వెనక కంపెనీ పేరు చూసి, ఆ కంపెనీ ఫోన్లలో రికార్డింగులు ఉండే ఫోల్డర్ నాకు తెలుసు కదా అని నేరుగా అక్కడికి వెళ్లిపోయాను. ఖాళీ. ఫైల్ మేనేజర్లో ఆడియో విభాగమంతా గాలించాను. పాటలు, సత్యనారాయణ వ్రత కథ, మనవడు పంపిన వాయిస్ మెసేజీలు. మేస్త్రి మాత్రం లేడు. అప్పటికే పెదనాన్న జగదాంబ దగ్గర ఒక షాపులో అడిగొచ్చాడట. "డిలీట్ అయిపోయి ఉంటాయి, ఫోన్ రెండ్రోజులు వదిలెళ్లండి, రికవరీ చేస్తాం" అన్నారట. డిలీటూ కాలేదు, ఏమీ కాలేదు. రికార్డింగ్ ఫోన్లోనే ఉంది. నేను తప్పు గదిలో వెతుకుతున్నానంతే.

అసలు అడగాల్సింది ఫోన్ ఏ కంపెనీది అని కాదు, ఆ కాల్‌ని ఏ యాప్ రికార్డు చేసింది అని. జవాబు దొరికితే చోటు దానంతటదే దొరుకుతుంది.

ముందు డయలర్ సంగతి తేల్చండి

మీరు నంబర్లు నొక్కి ఫోన్ చేసే యాప్‌నే డయలర్ అంటారు. సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి, డిఫాల్ట్ యాప్స్‌లోకి వెళ్లి, ఫోన్ యాప్ అన్న చోట ఏ పేరుందో చూడండి. అది గూగుల్ వాళ్ల ‘ఫోన్’ కావచ్చు, కంపెనీ సొంత డయలర్ కావచ్చు, ట్రూకాలర్ కావచ్చు.

దీనికంటే తేలిక గుర్తు ఇంకొకటుంది. రికార్డింగ్ మొదలవ్వగానే ఒక ఆడ గొంతు ‘దిస్ కాల్ ఈజ్ నౌ బీయింగ్ రికార్డెడ్’ అని చెబుతుందా? అవతలి వాళ్లకి కూడా వినిపిస్తుందా? అయితే చాలావరకు అది గూగుల్ డయలరే. రెడ్‌మీ, రియల్‌మీ, వన్‌ప్లస్ లాంటి ఫోన్లలో కొన్నేళ్లపాటు మన దేశంలో చాలా మోడళ్లకి గూగుల్ డయలరే ఇచ్చి అమ్మారు. అందుకే ఫోన్ వెనక పేరు చూసి నమ్మకూడదు. మా పెద్దమ్మని అడిగితే, "అవున్రా, ఒకావిడ ఇంగ్లీషులో ఏదో అంటుంది మధ్యలో, లైన్ బిజీ అనుకున్నాను" అంది. ఈ ముక్క ముందే అడిగుంటే అక్కడితో పని అయిపోయేది.

గూగుల్ డయలర్ అయితే

ఈ రికార్డింగులు ఫైల్ మేనేజర్లో కనిపించవు. యాప్ వాటిని తన సొంత నిల్వలో దాచుకుంటుంది, ఆ గదిలోకి వేరే యాప్‌కి ప్రవేశం లేదు. మీరు ఎన్ని ఫోల్డర్లు తెరిచినా దొరకవు. ఇలా చెయ్యాలి:

1. ఫోన్ యాప్ తెరిచి కాల్స్ జాబితాకి వెళ్లండి. పాత రూపంలో దాని పేరు రీసెంట్స్, కొత్త రూపంలో హోమ్.
2. ఆ మనిషి పేరు లేదా నంబరు వెతికి పట్టుకోండి. రికార్డు చేసింది అతనితో మాట్లాడిన ఆఖరి కాలే అయితే, అక్కడే ప్లే గుర్తు కనబడుతుంది.
3. అంతకు ముందు కాల్ అయితే పేరు మీద నొక్కి హిస్టరీ తెరవండి. పాత కాల్స్ అన్నీ తేదీలతో వస్తాయి, రికార్డయిన వాటిని అక్కడి నుంచే వినొచ్చు.
4. వింటున్న చోటే షేర్ గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కి డ్రైవ్‌కో, ఈమెయిల్‌కో పంపేసుకోండి. ఆ తర్వాతే మామూలు ఫైలులా చేతికొస్తుంది.

ఈ నాలుగో అడుగు వాయిదా వెయ్యకండి. ఈ యాప్‌కి ‘క్లియర్ డేటా’ కొడితే రికార్డింగులు కూడా పోతాయి. ఇంకొకటి, యాప్ సెట్టింగ్స్‌లో కాల్ రికార్డింగ్ దగ్గర పాతవాటిని దానంతటదే తీసేసే ఏర్పాటు ఉంటుంది. 7 రోజులు, 14 రోజులు, 30 రోజులు, ఎప్పటికీ వద్దు అని. అక్కడ ఏది ఎంచి ఉందో ఒకసారి చూసుకోండి. మా పెద్దమ్మ ఫోన్లో 30 ఉంది. మేస్త్రితో మాట్లాడి ఇరవై రెండు రోజులైంది. ఇంకో పది రోజులు ఆగుంటే నేనే కాదు, జగదాంబ షాపువాడూ తేలేకపోయేవాడు.

కంపెనీ సొంత డయలర్ అయితే

ఇక్కడ పని సులువు. రికార్డింగులు మామూలు ఫైళ్లలా ఇంటర్నల్ స్టోరేజీలో పడతాయి. ఫైల్ మేనేజర్లో ‘ఆడియో’ కాకుండా ‘ఇంటర్నల్ స్టోరేజ్’ అన్నదే తెరవండి. ఎందుకంటే కొన్ని ఫోల్డర్లలో ‘డాట్ నోమీడియా’ అనే ఖాళీ ఫైలు ఉంటుంది. అది ఉన్న ఫోల్డర్‌ని మ్యూజిక్ ప్లేయర్లు, ఆడియో జాబితాలు చూడనట్టు వదిలేస్తాయి.

శాంసంగ్‌లో ‘రికార్డింగ్స్’ ఫోల్డర్లో ‘కాల్’ అని ఉంటుంది. పాత మోడళ్లలో ‘కాల్’ ఫోల్డరే బయట నేరుగా కనబడేది. అసలు ఫోల్డర్ల జోలికి పోకుండానే, ఫోన్ యాప్‌లో పైన ఉన్న మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్, అందులో రికార్డ్ కాల్స్, అందులో రికార్డెడ్ కాల్స్ అని వెళ్తే జాబితా అంతా వచ్చేస్తుంది.

షావోమీ, రెడ్‌మీ, పోకోల సొంత డయలర్ అయితే ‘ఎంఐయూఐ’ ఫోల్డర్, అందులో ‘సౌండ్ అండర్‌స్కోర్ రికార్డర్’ (sound_recorder), అందులో ‘కాల్ అండర్‌స్కోర్ రెక్’ (call_rec). ఒప్పో, రియల్‌మీ, కొత్త వన్‌ప్లస్‌లలో ‘మ్యూజిక్’ లోపల ‘రికార్డింగ్స్’, దాని లోపల ‘కాల్ రికార్డింగ్స్’. పాటల ఫోల్డర్లో మాటలేంటని అడక్కండి, అది అంతే. ఈ మూడు కంపెనీల ఫోన్లలో గూగుల్ గొంతు నచ్చనివాళ్లు ప్లే స్టోర్ నుంచి ఓడయలర్ అనే కంపెనీ సొంత డయలర్ వేసుకుంటారు. అలా మధ్యలో మార్చినవాళ్లకి పాత కాల్స్ గూగుల్ యాప్‌లో, కొత్తవి ఫోల్డర్లో, రెండు చోట్లా ఉంటాయి. వివోలో ‘రికార్డ్’ ఫోల్డర్లో ‘కాల్’ చూడండి.

మీ ఫోన్లో ఇవేవీ సరిపోకపోతే ‘రికార్డింగ్స్’ అన్న పేరు కోసం వెతకండి. ఆండ్రాయిడ్ 12 నుంచి రికార్డింగుల కోసమే ఆ పేరుతో ఒక ప్రామాణిక ఫోల్డర్ ఇచ్చారు.

ఫైలు పేరు చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే

ఫోల్డర్ దొరికాక అసలు చిక్కు మొదలవుతుంది. ఆటో రికార్డింగ్ పెట్టుకున్నవాళ్ల ఫోల్డర్లో వందల ఫైళ్లుంటాయి. ఒక్కొక్కటీ విని చూడక్కర్లేదు, పేరులోనే అన్నీ ఉంటాయి.

శాంసంగ్ ఫైలు పేరు చివర 250614_191530 అని ఉందనుకోండి. మొదటి ఆరంకెలు తేదీ: 25 అంటే 2025, 06 అంటే జూన్, 14 తారీఖు. తర్వాతి ఆరూ సమయం: 19 గంటల 15 నిమిషాల 30 సెకన్లు, అంటే రాత్రి ఏడుంపావు. షావోమీ వాళ్లది సంవత్సరం పూర్తిగా రాస్తుంది, 20250614191530 అని పద్నాలుగు అంకెలు ఒకే దండగా. కాబట్టి జూన్ 14న మాట్లాడిన కాల్ కావాలంటే ఫైల్ మేనేజర్ వెతుకుడు పెట్టెలో 250614 లేదా 20250614 అని కొట్టండి, ఆ రోజువి మాత్రమే బయటికొస్తాయి. ఏ రోజు మాట్లాడారో గుర్తు లేకపోతే ముందు కాల్ లాగ్‌లో తేదీ చూసుకుని రండి.

పేరుతో వెతికేటప్పుడు రెండు జాగ్రత్తలు. కాంటాక్టుని ఇంగ్లీషు అక్షరాల్లో దాచుకుని ఉంటే తెలుగులో ‘మేస్త్రి’ అని కొడితే ఏమీ రాదు. మీరు ఎలా రాసుకున్నారో అలాగే కొట్టాలి, స్పెల్లింగ్ తప్పుతో సహా. రెండోది, కాల్ వచ్చినప్పటికి నంబరు సేవ్ చెయ్యకుండా ఉండి, తర్వాత సేవ్ చేసి ఉంటే, ఆ పాత ఫైలు నంబరు పేరు మీదే ఉండిపోతుంది. నంబరులో చివరి ఐదంకెలు కొట్టి చూడండి.

ఎక్కడా లేదంటే

అసలు రికార్డయ్యిందా అన్నది మొదటి అనుమానం. కాల్ వాట్సాప్‌లో మాట్లాడి ఉంటే డయలర్ దాన్ని పట్టించుకోదు. ఈ రోజుల్లో సగం మాటలు వాట్సాప్ కాల్ మీదే కాబట్టి, చాలామంది వెతుకులాట ఇక్కడే ఆగిపోతుంది. ఆటో రికార్డింగ్ కూడా మనం సెట్టింగ్స్‌లో పెట్టుకోవాల్సిందే.

రెండోది వేరే యాప్. ఒకప్పుడు ప్లే స్టోర్లో కాల్ రికార్డర్లు కుప్పలుగా ఉండేవి. ఆండ్రాయిడ్ 9 దగ్గర్నుంచి గూగుల్ వాటికి దారులు మూస్తూ వచ్చింది. 2022 మే 11 నుంచి యాక్సెసిబిలిటీ సదుపాయం (వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఫోన్లో పెట్టిన ఏర్పాటు) వాడుకుని అవతలి గొంతు రికార్డు చెయ్యడాన్ని ప్లే స్టోర్ నిబంధనల్లోనే కాదంది. అప్పటి యాప్ ఏదైనా మీ ఫోన్లో ఉంటే, అది తన పేరుతోనే ఒక ఫోల్డర్ పెట్టుకుని ఉండొచ్చు. యాప్‌ని తీసేసే ముందు అందులో చూడండి. తీసేశాక వెతికితే ఫైళ్లు కూడా దాంతోపాటే పోయి ఉండొచ్చు. ఎస్డీ కార్డు ఉన్న ఫోన్ అయితే అదీ తెరవండి. సెకండ్ స్పేస్, అంటే ఒకే ఫోన్లో రెండు ఫోన్లలా విడదీసుకునే ఏర్పాటు, వాడేవాళ్లకి రెండు వేర్వేరు నిల్వలుంటాయి, ఒకదాంట్లో ఉన్నది రెండోదాంట్లో కనబడదు.

మూడోది చెత్తబుట్ట. శాంసంగ్ మై ఫైల్స్‌లోనూ, ఫైల్స్ బై గూగుల్‌లోనూ తీసేసినవి 30 రోజులు ట్రాష్‌లో ఉంటాయి. అందులోంచి కూడా పోతే ఆశ వదులుకోవడమే మేలు. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ఫోన్ల నుంచి స్టోరేజీని ఎన్‌క్రిప్ట్ చెయ్యడం, అంటే తాళం వేసినట్టు సంకేతాల్లో దాచడం, తప్పనిసరి. అందుకే చెరిపేసింది తిరిగి తియ్యడం చాలా కష్టం. చెరిపేసిన ఫైలుని తవ్వి తీస్తామని చెప్పే యాప్‌లకి ఫోన్లో అన్ని పర్మిషన్లూ ఇచ్చేస్తే, పోయింది రాకపోగా ఉన్నవి పోతాయి.

పాత ఫోన్ మార్చినవాళ్లకి ఇంకో మాట. గూగుల్ బ్యాకప్‌లో కాల్ హిస్టరీ వస్తుంది, రికార్డింగులు రావు. గూగుల్ ఫొటోస్ ఆడియోని ముట్టుకోదు. కొత్త ఫోన్లో కాల్ జాబితా యథాతథంగా కనబడేసరికి రికార్డింగులూ వచ్చాయనుకుంటాం. పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేముందు కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి, నోటిఫికేషన్లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకుని, ఆ ఫోల్డర్ మొత్తం కాపీ చేసి పెట్టుకోండి. గూగుల్ డయలర్ అయితే ముందు చెప్పినట్టు షేర్ చేసుకోవడమే.

దొరికాక

వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి. ఆడియోగా పంపితే అవతల పేరు మారిపోయి, ఏయూడీ అనీ, పంపిన తేదీ అనీ వస్తుంది. మనం ఇంతసేపు చదవడం నేర్చుకున్న అంకెలన్నీ గాలికి పోతాయి.

డబ్బు మోసం, బెదిరింపు కాల్ లాంటి వాటికి సాక్ష్యంగా వాడాలనుకుంటే అసలు ఫైలుని కత్తిరించకండి, పేరు మార్చకండి, ఉన్న ఫోన్లోనే ఉంచండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టుకిస్తే దాంతోపాటు ఒక సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి, అందులో ఏ పరికరం నుంచి వచ్చిందో చెప్పాలి. డబ్బు పోయిన కేసైతే రికార్డింగ్ వెతుకుతూ కూర్చోకుండా ముందు 1930కి ఫోన్ చెయ్యండి. విశాఖ నగరంలో సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ కూడా ఉంది. వ్యక్తిగత మాటల్ని నలుగురికీ పంచడం మాత్రం వేరే సంగతి. రికార్డు చేసుకున్నాం కదా అని ఫ్యామిలీ గ్రూపులో పడేస్తే చిక్కుల్లో పడేది మనమే.

ఇక మేస్త్రి కాల్. హిస్టరీలో మూడోది, నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. స్పీకర్ పెట్టాం. పెదనాన్న కూడా కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. రెండో నిమిషంలో పెద్దమ్మ గొంతు ఖంగుమని వచ్చింది: "లింటెల్ దాకా ఎందుకయ్యా, దండగ. నాలుగడుగులు చాలు."

ఎవరూ ఏమీ అనలేదు. పెద్దమ్మ ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని అడిగింది: "సరే, ఇది తీసెయ్యాలంటే ఎక్కడ నొక్కాలి?"