జప్తు సొమ్ము లెక్క చదవడం: 4వ పాఠం – నిల్వలు కలుస్తున్నాయా?

పోయిన పాఠం చివర ఒక చిన్న ప్రశ్న ఇచ్చాను. టెక్సస్‌లో ఒక ఊరి పోలీసులు హైవే మీద కారు ఆపి 20,000 డాలర్ల నగదు సీజ్ చేశారు. కేసు ఇంకా తేలలేదు. ఏడాది ముగిసింది. ఆ 20,000 పోలీసు శాఖ ఆదాయమా?

కాదు. సీజ్ అంటే డబ్బు పోలీసుల చేతికి రావడం, జప్తు అంటే దాని మీద హక్కు మారడం. మన పత్రికలు రెంటినీ ‘జప్తు’ అనే రాసేస్తాయి కాబట్టి ఆ తేడా మనకు తట్టదు. ఈ రెంటికీ మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. అంతవరకూ అది పరాయి సొమ్మే. నగరం పుస్తకాల్లో విడిగా, తిరిగి ఇవ్వాల్సి రావచ్చన్న బాధ్యతగానే ఉండాలి. పైగా సివిల్ జప్తులో కేసు నడిచేది మనిషి మీద కాదు, వస్తువు మీద. ఆ కారు నడిపినవాడికి శిక్ష పడకపోయినా డబ్బు పోవచ్చు. పట్టుకున్నవాళ్లకే అందులో వాటా వచ్చే ఏర్పాటు ఇది. అందుకే దీని లెక్క బయటివాళ్లు కూడా చదవగలగాలని నేను పట్టుబడతాను.

ఒక నగరం ఫైనాన్స్ విభాగంలో పనికి చేరిన కొత్తలో నన్ను ఎవిడెన్స్ గదికి తీసుకెళ్లారు. సీలు వేసిన ప్లాస్టిక్ సంచి. పైన చీటీ మీద వందలు ఎన్ని, ఇరవైలు ఎన్ని, ఐదులు ఎన్ని, మొత్తం ఎంత అని రాసుంది. కింద రెండు సంతకాలు. ఆ సంచి నంబరు పట్టుకుని బ్యాంకు డిపాజిట్ రసీదు దాకా, అక్కణ్ణుంచి లెడ్జర్‌లో ఒక వరుస దాకా వెళ్లాను. తనిఖీ అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. మీకు ఆ సంచి చూపించరు. కానీ ఆ దారి చివర ఉండే కాగితం మీరూ అడిగి తీసుకోవచ్చు. ఈ పాఠం దాని గురించే.

స్థానిక పోలీసులు ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఏజెన్సీలతో కలిసి పనిచేసిన కేసుల్లో, జప్తు అయిన సొమ్ములో కొంత వాళ్లకు తిరిగి వస్తుంది. దీన్ని ఈక్విటబుల్ షేరింగ్ అంటారు. 1984 నాటి చట్టంతో మొదలైంది. ఫెడరల్ ప్రభుత్వం కనీసం 20 శాతం ఉంచుకుంటుంది, అంటే ఊరికి వచ్చేది 80 శాతం మించదు. ఈ డబ్బు తీసుకునే ప్రతి శాఖా తన ఆర్థిక సంవత్సరం ముగిసిన 60 రోజుల్లోపు ఒక వార్షిక లెక్క పంపాలి. దాని పేరు ఎసాక్ (ESAC, ఈక్విటబుల్ షేరింగ్ అగ్రిమెంట్ అండ్ సర్టిఫికేషన్). పోలీసు చీఫ్‌తో పాటు నగర పాలన తరఫున బాధ్యుడైన అధికారి కూడా దాని మీద సంతకం పెట్టాలి. రెండో సంతకం ఎవరిదో తప్పకుండా చూడండి. ‘నాకు తెలియదు, అది పోలీసుల వ్యవహారం’ అనడానికి ఆ తర్వాత ఆయనకు వీలుండదు.

ఫారంలో రెండు నిలువు వరుసలుంటాయి, ఒకటి జస్టిస్ శాఖ (న్యాయ శాఖ) నుంచి వచ్చిన డబ్బుకు, రెండోది ట్రెజరీ (ఆర్థిక శాఖ) నుంచి వచ్చినదానికి. ఈ రెంటినీ కలపకూడదు. రాష్ట్ర చట్టం కింద వచ్చిన జప్తు డబ్బు వీటిలో అసలే కలవకూడదు. ఒక ఊరు ఊహించుకుని జస్టిస్ వరుస ఒక్కటే చూద్దాం:

మొదటి నిల్వ 41,250
ఏడాదిలో అందిన వాటా 36,800
వడ్డీ 415
మొత్తం 78,465
ఖర్చు 29,965
చివరి నిల్వ 48,500

కూడికలు సరిపోయాయి. కానీ కూడిక సరిపోవడంతో ఏదీ రుజువు కాదు, ఫారమే కూడి ఇస్తుంది. మీరు చేయాల్సింది పోయినేటి ఫారం తెచ్చి పక్కన పెట్టడం. దాని చివరి నిల్వే ఈ ఏటి మొదటి నిల్వ కావాలి. అక్కడ 43,600 ఉందనుకోండి. 2,350 తేడా. వెంటనే దొంగతనం అనుకోకండి. ఒక ఏడాది బిల్లును ఇంకో ఏడాదిలో రాసి ఉండవచ్చు, రాష్ట్రం డబ్బు పొరపాటున ఇందులో పడి తర్వాత తీసేసి ఉండవచ్చు. లెడ్జర్‌లో సరిగ్గా 2,350 కోసం వెతకండి. దొరక్కపోతే రెండు మూడు పద్దులు కలిసి అంత అవుతాయేమో చూడండి. తేడాకు కారణం రాతపూర్వకంగా అడగండి. సరిగ్గా లెక్క రాసే గుమాస్తా దగ్గర దానికి జవాబు సిద్ధంగా ఉంటుంది.

వడ్డీ కూడా గమనించాలి. డబ్బున్న ఖాతాకు వడ్డీ వస్తే అది కూడా జప్తు సొమ్మే, అదే నియమాల కింద ఖర్చవ్వాలి. నిల్వ పెద్దదై వడ్డీ సున్నా అని ఉంటే, వడ్డీ లేని ఖాతాలో ఉందా, లేక వడ్డీ నగరం మామూలు ఖర్చుల ఖాతా అయిన జనరల్ ఫండ్‌లోకి పోయిందా అని అడగండి.

ఇప్పుడు ఖర్చు దగ్గరికి. ఇక్కడ నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ‘భర్తీ’ నియమం దగ్గర. జప్తు డబ్బు శాఖ బడ్జెట్‌కు అదనంగా ఉండాలి తప్ప దాని స్థానంలోకి రాకూడదు. పోయినేడు బులెట్‌ప్రూఫ్ వెస్టులకు బడ్జెట్‌లో 60,000 ఉంది, ఈ ఏడు సున్నా, వెస్టులు జప్తు డబ్బుతో కొన్నారు. తప్పు దొరికిందని ఎగిరి గంతేస్తాం. నేనూ అలాగే పప్పులో కాలేశాను. కానీ ఫెడరల్ మార్గదర్శకాలు ఒక్క పద్దును చూడవు, శాఖ మొత్తం బడ్జెట్‌ను చూస్తాయి. వెస్టుల 60,000ను నగరం రేడియోల మీద పెట్టి ఉంటే మొత్తం తగ్గలేదు, తప్పు లేదు. లక్ష డాలర్ల జప్తు వాటా వచ్చింది కదా అని కౌన్సిల్ పోలీసు బడ్జెట్‌లో లక్ష కోస్తే, అప్పుడది భర్తీ. కాబట్టి నగరం బడ్జెట్ పుస్తకం తెరిచి మొదట పోలీసు శాఖ మొత్తాన్ని రెండేళ్లకూ పక్కపక్కన రాసుకోండి, ఆ తర్వాతే పద్దుల్లోకి దిగండి. ఇంకా చేతికి రాని జప్తును నమ్ముకుని ముందే బడ్జెట్ వేయడం కూడా కుదరదు. అలా వేస్తే ఆ అంకె చేరుకోవడం కోసమే కార్లు ఆపాల్సి వస్తుంది.

మరో సరిచూపు ఉంది, చాలామందికి తెలియదు. ఏడాదిలో 7,50,000 డాలర్లు గానీ అంతకు మించి గానీ ఫెడరల్ డబ్బు ఖర్చు చేసిన నగరానికి సింగిల్ ఆడిట్, అంటే ఆ ఫెడరల్ ఖర్చులను కూడా బయటి ఆడిటర్ చూసే తనిఖీ, తప్పనిసరిగా ఉండేది. 2024 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ మొదలైన ఆర్థిక సంవత్సరాలకు ఆ హద్దు 10 లక్షలకు పెరిగింది. ఆడిట్ నివేదికలో ఫెడరల్ ఖర్చుల పట్టిక ఉంటుంది. అందులో 16.922 అనే నంబరు వెతకండి, జస్టిస్ వాటాది అదే. ట్రెజరీది 21.016. ఆ అంకె ఎసాక్‌లోని ఖర్చుతో పోల్చండి. రెండు కాగితాలూ వేరు వేరు చేతులు రాసినవి కాబట్టి ఈ పోలికకు బలం ఎక్కువ.

చివరగా, ఖాతా ఎవరి చేతిలో ఉంది? 2020లో మిషిగన్ అటార్నీ జనరల్ మెకాంబ్ కౌంటీ అప్పటి ప్రాసిక్యూటర్ మీద పెట్టిన కేసులో చర్చకు వచ్చిన విషయం ఇదే: జప్తు ఖాతాలు కౌంటీ ట్రెజరర్ దగ్గర కాకుండా ప్రాసిక్యూటర్ ఆఫీసు అధీనంలో నడిచాయి. ఫెడరల్ వాటా అయితే నగరం మామూలు నిధులు ఎవరు చూస్తారో వాళ్లే దీన్నీ చూడాలి.

అభ్యాసం: మీరుండే నగరం సిటీ సెక్రటరీకి ఒక ఉత్తరం రాయండి. వరుసగా రెండేళ్ల ఎసాక్ ఫారాలు, జప్తు ఫండ్ లెడ్జర్ అడగండి. టెక్సస్‌లో పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద 10 పని దినాల్లో ఇవ్వాలి, లేదా ఎప్పుడిస్తారో చెప్పాలి, నిరాకరించాలంటే అటార్నీ జనరల్ నిర్ణయం కోరాలి. కాగితాలు రాగానే మొదటి నిల్వ కింద పెన్సిల్‌తో గీత గీసి, పోయినేటి చివరి నిల్వ వెతకండి.

5వ పాఠంలో టెక్సస్ రాష్ట్ర చట్టం కింద వచ్చే జప్తును, జిల్లా అటార్నీకీ పోలీసులకూ మధ్య కుదిరే వాటాల ఒప్పందాన్ని చదువుదాం.