బతుకమ్మ కాస్తా 'బత', 'కమ', 'మ' అయితే

హనుమకొండలో ఎవరైనా పల్లె పాటలో, మాటలో పోగుచేసి కంప్యూటర్‌లో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్క తీయబోతే ముందుగా ఎదురయ్యే తిప్పలివి.

ఫైల్ తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గందరగోళం
డీటీపీ షాపులో అను ఫాంటుతో కొట్టించి ఉంటారు. అందులో నిజానికి తెలుగు లేదు, ఇంగ్లీషు కోడ్లకు తెలుగు బొమ్మలు తొడిగారంతే. ఫాంటు మార్చి లాభం లేదు. అన్ని భాషల అక్షరాలకూ వేర్వేరు కోడ్లుండే యూనికోడ్‌లోకి కన్వర్టర్‌తో మార్చి, ఒక పేజీ ఒత్తుల్ని పాత ప్రింటుతో పోల్చుకోండి. ఎక్సెల్‌లో మాత్రం తలమీద వాలుగీతున్న ఇంగ్లీషు 'ఎ' (à), పక్కన డిగ్రీ గుర్తు వరసగా కనిపిస్తే తెలుగు భద్రంగానే ఉంది. డేటా మెనూ నుంచి సీఎస్‌వీని తెచ్చుకుంటూ 65001 యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరి.

పదాల పట్టికలో ముక్కలే ఉన్నాయి
నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. బతుకమ్మ పాటలిస్తే పట్టికలో 'ఉయ్యాలో' పైన నిలవాలి కదా, దాని బదులు 'ఉయ', 'య', 'ల' వస్తాయి. గుణింతం గుర్తులు, పొల్లు, సున్న యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు, 'మార్క్' వర్గం. అక్షరాల్నే పదమనుకునే సాఫ్ట్‌వేర్ ప్రతి గుర్తు దగ్గరా పదాన్ని తెంపుతుంది. మాటల్ని లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ ఆంట్‌కాంక్‌లో ఏది పదమో చెప్పే టోకెన్ డెఫినిషన్‌కు వెళ్లి మార్క్ వర్గాన్ని కూడా చేర్చి, పాఠాల్ని మళ్లీ లోడ్ చేయాలి. ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌లో మామూలు 'ఆర్ఈ' మాడ్యూల్ కూడా ఇట్లనే తెంపుతుంది, 'రెజెక్స్' మాడ్యూల్ వాడండి. సరిచేశాక 'ఉయ్యాలో' పట్టికనంతా మింగేస్తుంది, అది పాట తప్పు కాదు. పల్లవి మాటల్ని లెక్కలోంచి వదిలేసే స్టాప్ లిస్టులో వేస్తే మిగతావి బయటపడతాయి.

కళ్లముందున్న మాట వెతికితే దొరకదు
'వరంగల్‌లో' అని పొల్లు విడిగా కనిపించాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది, కోడ్ 200సి. అది లేకుంటే 'వరంగల్లో' అవుతుంది. మనిషికి రెండూ ఒకటే, యంత్రానికి కాదు. వెతకడానికి వేరే కాపీ చేసుకొని అందులో ఆ గుర్తును తీసేయండి, అసలు ఫైల్ జోలికి పోవద్దు. ఇంకా దొరక్కపోతే ఐత్వాన్ని అనుమానించండి. దాన్ని ఒక కోడ్‌గానూ, రెండుగానూ రాయొచ్చు. ఇలాంటి తేడాల్ని ఒకే రూపానికి తెచ్చే ఎన్‌ఎఫ్‌సి నార్మలైజేషన్‌తో ఒక్కటవుతాయి.

'ఊరు' అని వెతికితే 'ఊళ్లె', 'ఊర్ల' రాకపోవడం వేరే సంగతి, అక్కడ మారింది మాటే. రెజెక్స్‌లో అంటే నమూనాతో వెతికే పద్ధతిలో, ఊ[రళ] అని ఇవ్వండి, 'ఊ' తర్వాత 'ర' గానీ 'ళ' గానీ ఉన్నవన్నీ దొరుకుతాయి. 'ఊరట' లాంటివి కూడా వస్తాయి, చేత్తో ఏరుకోవాలి.

'వచ్చిండు' కింద ఎర్రగీత
కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా చేసుకునే చోట ఇది చూస్తే ఒళ్లు మండుతుంది. స్పెల్ చెకర్ నిఘంటువులో మన రూపాలు లేవు, అంతే. 'అన్నీ మార్చు' నొక్కకండి, సేకరించిందంతా పాడవుతుంది. యూజర్ డిక్షనరీలో చేర్చండి. పోలిక కావాలంటే 'వచ్చాడు'ను పక్క కాలమ్‌లో రాసుకోండి.