దసరా సెలవుల్లో జోర్డాన్, కెన్యా వెళ్లేవాళ్లకు

జోర్డాన్‌లో రాతి కొండల్లో చెక్కిన పాత నగరం పెట్రా చూసుకుని అటు నుంచి కెన్యాలోని వన్యప్రాణుల అడవి మసాయి మారాకి వెళ్దామని శంషాబాద్ నుంచి టికెట్లు తీసుకున్నారా? బ్యాగు సర్దే ముందు ఇవి చూసుకోండి.

ఎల్లో ఫీవర్ టీకా: కెన్యా నుంచి తిరిగొచ్చాక టీకా వేయించుకున్న కార్డు అడిగేది మన ఎయిర్‌పోర్టులోనే. లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, వేసే రోజులు ముందే కనుక్కోండి. వేసిన 10 రోజులకు గానీ కార్డు చెల్లదు, చివరి వారంలో పరిగెత్తి లాభం లేదు. పాస్‌పోర్టు నంబరులో ఒక్క అంకె తేడా ఉన్నా కౌంటర్ దగ్గరే దిద్దించుకోండి.

గసగసాలు: దుబాయ్ మీదుగా వెళ్తే చాలా జాగ్రత్త, యూఏఈలో నిషేధం. అమ్మ కట్టిచ్చిన మసాలా పొడిలో ఉన్నాయేమో అడగండి. కోడీన్ ఉన్న దగ్గు మందూ వద్దు.

మలేరియా మాత్రలు: ప్రయాణానికి ముందే మొదలుపెట్టాలి, డాక్టర్‌ని ఇప్పుడే కలవండి.

జోర్డాన్ పాస్: పెట్రా లాంటి చోట్ల టికెట్లు కలిపి ఇచ్చే పాస్ ఇది. వీసా ఫీజు మిగలాలంటే అక్కడ దిగకముందే కొనాలి, కనీసం 3 రాత్రులు ఉండాలి.

వాన: పెట్రాలోకి దారి సిక్ అనే ఇరుకు లోయ, దాదాపు 1.2 కిలోమీటర్లు. ఎక్కడో కొండల్లో పడ్డ వాన కూడా వరదై అందులోకి దూకుతుంది. సూచన ఉంటే ఆ పూట మానేయండి, టికెట్ డబ్బులు పోతే పోయాయి.

ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు: కెన్యాలో 2017 నుంచి నిషేధం. చెప్పులు, తడిబట్టలు కవర్లలో చుట్టే అలవాటు మనది. గుడ్డ సంచులు పెట్టుకోండి.

డ్రోన్: అనుమతి లేకుంటే ఇంట్లోనే ఉంచండి.