కారు క్లచ్ మనమే నేర్చుకుందాం – 5వ పాఠం: కదిలేటప్పుడు వచ్చే అదురు

గత పాఠంలో క్లచ్ జారడాన్ని ఎలా పట్టుకోవాలో చూశాం. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) పెరుగుతుంది గానీ బండి వేగం అందుకోదు. అది జారడం. ఈసారి చూసేది వేరే జబ్బు. మొదటి గేరు వేసి, క్లచ్ మెల్లగా వదులుతుంటే కారు మొత్తం గడగడా అదురుతుంది. సీటు, స్టీరింగ్, డాష్‌బోర్డు అన్నీ ఊగుతాయి. పెడల్ పూర్తిగా వదిలేసరికి అదురు పోయి బండి మామూలుగా వెళ్లిపోతుంది. మెకానిక్ షెడ్లలో దీన్ని జడ్డర్ అంటారు, బండి వణుకుతోంది అని కూడా అంటారు. మనం అదురు అనే పిలుచుకుందాం.

విశాఖలో బండి నడిపేవాళ్లు దీన్ని ఎక్కువ రోజులు పట్టించుకోకుండా ఉండలేరు. మన ఊరు చదునుగా ఉండదు. సింహాచలం ఘాట్ రోడ్డులో ముందున్న బస్సు ఆగిందనుకోండి. కైలాసగిరి ఎక్కుతూ మలుపులో ఆగాల్సి వచ్చిందనుకోండి. ఇంటి ముందు ఎత్తు మీద నుంచి రివర్స్ తీస్తున్నారనుకోండి. ప్రతిచోటా హాఫ్ క్లచ్ మీదే, అంటే పెడల్ సగం వదిలి ఉంచే పని. చదును రోడ్డు మీద పెద్దగా తెలియని అదురు ఎత్తు మీద ఆగి లేచేటప్పుడు ఒళ్లంతా తెలుస్తుంది.

ఈ పాఠంలో గేర్‌బాక్స్ జోలికి వెళ్లం. గేర్‌బాక్స్ దించకముందే, ఇంటి దగ్గర నిలబడి అదురు ఎక్కడి నుంచి వస్తోందో ఎంతవరకు చెప్పగలమో అదే నేర్చుకుంటాం. ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో చెప్పాలంటే నా సొంత బండి సంగతి చెప్పాలి.

నాది పాత పెట్రోల్ కారు. ఒక వేసవిలో అదురు మొదలైంది. ఒక షెడ్డుకి తీసుకెళ్తే, నడిపి కూడా చూడకుండా ఫుల్ సెట్ మార్చాలన్నారు. ఫుల్ సెట్ అంటే క్లచ్ ప్లేటు, దాన్ని నొక్కి పట్టే ప్రెజర్ ప్లేటు, పెడల్ తొక్కితే ఆ ఒత్తిడిని విడిపించే రిలీజ్ బేరింగ్. మార్పించాను. బండి వెన్నలా కదిలింది. నాలుగు నెలలు తిరక్కుండానే మళ్లీ అదే అదురు. ఈసారి కంచరపాలెంలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన ముందు బండి కింద దూరి, వేలితో ఏదో తుడిచి, వాసన చూసి లేచారు. 'బాబూ, ప్లేటు ఏటి సేసిందండీ పాపం? పైనుంచి ఆయిల్ పడతంటే కొత్త ప్లేటైనా అంతే కదా' అన్నారు. క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్లే కడ్డీ, అంటే ఇన్‌పుట్ షాఫ్ట్ దగ్గర ఉండే చిన్న రబ్బరు సీల్ పోయింది. గేర్ ఆయిల్ ప్లేటు మీదకు చేరుతోంది. మొదటిసారి గేర్‌బాక్స్ దించినప్పుడే ఆ సీల్ మార్చి ఉంటే సరిపోయేది. సీల్ ఖరీదు ప్లేటు ఖరీదులో చిన్న ముక్క. నాకు ఇంకా బాధ కలిగించే విషయం ఏమిటంటే, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నా కారు కింద నూనె మరక చాలా రోజులుగా ఉంది. వాచ్‌మన్ దాని మీద రంపపు పొట్టు చల్లి ఊడుస్తూనే ఉన్నాడు. నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ఆ రెండింటికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు.

అదురు ఎందుకు పుడుతుంది

చిన్నప్పుడు బడిలో సుద్దముక్కతో నల్లబల్ల మీద గీత గీసే ఉంటారు. సుద్దను వాలుగా పట్టుకుని లాగితే గీత సాఫీగా వస్తుంది. అదే నిట్టనిలువుగా పట్టుకుని ముందుకు తోస్తే టకటకా ఎగురుతూ చుక్కల గీత పడుతుంది. సుద్ద ఒక క్షణం బల్లకు అంటుకుంటుంది, చేతి బలం పెరిగాక తెగి జారుతుంది, మళ్లీ అంటుకుంటుంది. క్లచ్‌లో జరిగేదీ ఇదే. ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్‌. దానికీ ప్రెజర్ ప్లేటుకీ మధ్య క్లచ్ ప్లేటు నలుగుతూ, మొదట జారుతూ, క్రమంగా పట్టుకోవాలి. ఆ పట్టు ఒకే తీరుగా పెరిగితే బండి మెత్తగా కదులుతుంది. పట్టు, జారు, పట్టు, జారు అని సెకనుకు చాలాసార్లు జరిగితే ఆ దెబ్బలు షాఫ్టుల గుండా చక్రాలకూ, ఇంజన్‌ను పట్టి ఉంచే రబ్బరు మౌంటింగ్‌ల గుండా బాడీకీ చేరతాయి. మనకు అదురుగా తెలిసేది అదే.

నల్లబల్ల ఉదాహరణలోనే కారణాలన్నీ ఉన్నాయి. బల్ల మీద నూనె మరక ఉండొచ్చు: ప్లేటు మీద ఆయిల్. బల్ల అద్దంలా నునుపెక్కి ఉండొచ్చు: వేడికి గ్లేజ్ పట్టిన (నునుపెక్కిన) లైనింగ్, అంటే ప్లేటు మీద ఉండే రాపిడి పొర. బల్ల ఎగుడుదిగుడుగా ఉండొచ్చు: వేడి మచ్చలు పడ్డ ఫ్లైవీల్, వంకర తిరిగిన ప్రెజర్ ప్లేటు. సుద్ద పట్టుకున్న చెయ్యి వణకొచ్చు: తుప్పు పట్టిన క్లచ్ కేబుల్. ఇక బల్లే గోడకు సరిగ్గా బిగించకుండా ఊగుతూ ఉండొచ్చు: చిరిగిపోయిన ఇంజన్ మౌంటింగ్. ఈ చివరిదాన్ని చాలామంది మర్చిపోతారు.

మొదటి పని: ఇది క్లచ్ అదురేనా?

పెడల్ సగంలో ఉన్నప్పుడు మాత్రమే అదురు వచ్చి, పూర్తిగా వదలగానే పోతే అది మన పాఠంలోదే. 80 కిలోమీటర్ల వేగంలో హైవే మీద స్టీరింగ్ వణికితే టైరు బ్యాలెన్సింగ్ చూడండి, క్లచ్‌తో పని లేదు. బండి న్యూట్రల్‌లో నిలబడి ఉన్నప్పుడు కూడా వణుకుతుంటే ఇంజన్ మిస్‌ఫైర్‌నో (ఏదో సిలిండర్ సరిగ్గా మండకపోవడం), మౌంటింగ్‌నో అనుమానించాలి. ఏసీ వేసి, యాక్సిలరేటర్ అసలు తొక్కకుండా క్లచ్ వదిలితే ఇంజన్ ఆగిపోబోతూ కుదుపు ఇస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు దాన్నే అదురు అనుకుంటారు. కాబట్టి పరీక్ష చేసేటప్పుడు ఆర్‌పీఎం 1,200 నుంచి 1,500 మధ్య నిలకడగా ఉంచి, క్లచ్ మెల్లగా వదలండి. అప్పుడూ అదిరితే ముందుకు వెళ్దాం.

చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?

అదురు ఏ వేళ వస్తోందో అన్నదే పెద్ద ఆధారం. ఒక చిన్న పుస్తకంలో వారం రోజులు రాసుకోండి.

పొద్దున్నే తీసిన మొదటి రెండు మూడుసార్లు మాత్రమే అదిరి, ఆ తర్వాత పోతోందా? రాత్రి వాన పడ్డాక గానీ, బండి నాలుగైదు రోజులు కదలకుండా ఉన్నాక గానీ ఎక్కువగా వస్తోందా? అయితే చాలావరకు అది తేమ. ఫ్లైవీల్ పోత ఇనుముతో చేస్తారు. సముద్రపు గాలిలో దాని ముఖం మీద పలచని తుప్పు పొర త్వరగా పడుతుంది. లైనింగ్ కూడా కొంచెం తేమ పీలుస్తుంది. నాలుగుసార్లు క్లచ్ వాడగానే ఆ పొర రాసుకుపోతుంది. దీనికి ఖర్చు పెట్టొద్దని నా గట్టి సలహా. బీచ్ దగ్గర ఇల్లున్నవాళ్లకు వానాకాలంలో ఇది మామూలే.

పొద్దున బాగానే ఉండి, ట్రాఫిక్‌లో గంటసేపు నడిపాక, లేదా ఘాట్ ఎక్కాక అదురు మొదలవుతుంటే కథ వేరు. ప్లేటు మీద ఆయిల్, గ్లేజ్, ఫ్లైవీల్ వేడి మచ్చలు సాధారణంగా ఇలా బయటపడతాయి. అంతకుముందు ఎప్పుడైనా కాలిన వాసన వచ్చిందేమో గుర్తు చేసుకోండి. ఎత్తు మీద బ్రేక్ వేయకుండా హాఫ్ క్లచ్‌తోనే బండిని నిలబెట్టే అలవాటు ఉంటే, లైనింగ్ వేడెక్కి నునుపెక్కుతుంది. ఎత్తు మీద ఆగితే హ్యాండ్ బ్రేక్ వాడండి.

చలి, వేడి తేడా లేకుండా ఎప్పుడూ ఒకేలా అదిరితే మౌంటింగ్, కేబుల్, వంకర తిరిగిన భాగాలు అనుమానితులు. ప్లేటు కొత్తగా వేయించి వారమే అయితే మాత్రం కాస్త ఆగండి. కొత్త లైనింగ్ ఫ్లైవీల్‌తో సర్దుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. ఆ రోజుల్లో మెత్తగా నడపాలి.

మౌంటింగ్ పరీక్ష

దీనికి డ్రైవింగ్ బాగా వచ్చిన ఇంకొకరు కావాలి. బండిని చదునైన చోట, ముందూ వెనకా ఖాళీ ఉండేలా ఆపండి. చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టండి. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగండి. బానెట్ ఎత్తి మీరు పక్కన నిలబడండి. ముందు గానీ వెనక గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ నిలబడొద్దు. క్లచ్ పట్టుకుంటే బండి ముందుకు దూకగలదు.

లోపల కూర్చున్నవాళ్లు బ్రేక్ గట్టిగా తొక్కి ఉంచి, మొదటి గేరు వేసి, క్లచ్ కొంచెం పట్టుకునేదాకా వదలాలి. ఒక్క సెకను, అంతే. మళ్లీ తొక్కేయాలి. ఆ సెకనులో ఇంజన్ ఒక పక్కకు వాలుతుంది. కొద్దిగా వాలడం సహజం, రబ్బరు ఉన్నదే అందుకు. కానీ ఇంజన్ చటుక్కున లేచి, డప్ అని చప్పుడు చేస్తూ తిరిగి కూర్చుంటే రబ్బరు చిరిగిందని అర్థం. ఇప్పుడు రివర్స్ గేరులో అదే చేయించండి. ఇంజన్ ఈసారి ఎదురు పక్కకు వాలాలి. ఒక దిక్కులోనే ఎక్కువగా ఎగిరితే ఆ దిక్కును ఆపాల్సిన మౌంటింగ్ మీద టార్చి వేసి చూడండి. రబ్బరు ఇనుము నుంచి విడిపోయి నల్లటి గీతలా ఖాళీ కనిపిస్తుంది. కొన్ని బండ్లలో గేర్‌బాక్స్ కింద ఉండే మౌంటింగ్ పైనుంచి కనపడదు, కింద నుంచి చూడాలి.

రోడ్డు మీద కూడా దీనికి ఒక గుర్తు ఉంది. మొదటి గేరులో బాగా అదిరి రివర్స్‌లో అదరకపోతే, లేదా దానికి ఎదురుగా జరిగితే, నేను ముందు మౌంటింగ్‌నే చూస్తాను. ప్లేటు ముఖం పాడైతే సాధారణంగా రెండు గేర్లలోనూ తెలుస్తుంది. మౌంటింగ్ మార్చడానికి చాలా బండ్లలో గేర్‌బాక్స్ దించనక్కర్లేదు. అందుకే ఈ పరీక్ష తప్పకుండా ముందు చేయాలి.

పెడల్

ఇంజన్ ఆపేసి, పెడల్‌ను చేత్తో మెల్లగా నొక్కి మెల్లగా వదలండి. పెడల్ మధ్యలో ఎక్కడైనా గరగరలాడితే, పట్టి పట్టి కదిలితే, కేబుల్ ఉన్న బండిలో కేబుల్ లోపల తుప్పు చేరింది. పాదం ఎంత మెల్లగా వదిలినా అవతల క్లచ్ తెరలుతెరలుగా పట్టుకుంటుంది. కేబుల్ మార్చేయండి, నూనె పోసి బతికించే ప్రయత్నం ఎక్కువ రోజులు నిలవదు. కేబుల్‌కు బదులు ద్రవంతో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ అయితే ఫ్లూయిడ్ డబ్బా మట్టం చూడండి. చాలా బండ్లలో బ్రేకులకూ క్లచ్‌కూ ఒకటే డబ్బా ఉంటుంది. మట్టం తగ్గుతూ ఉంటే అది బ్రేకుల విషయం కూడా కాబట్టి ఆలస్యం చేయొద్దు.

అట్టముక్క పరీక్ష

నా దృష్టిలో ఈ పాఠంలో అన్నిటికంటే విలువైన పరీక్ష ఇది, ఖర్చు మాత్రం ఏమీ లేదు. పెద్ద అట్టపెట్టె విప్పి, ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోట కింద రాత్రంతా పరచండి. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య, క్లచ్‌ను కప్పి ఉంచే గంట ఆకారపు భాగాన్ని బెల్ హౌసింగ్ అంటారని రెండో పాఠంలో చెప్పుకున్నాం. చాలా బండ్లలో దాని అడుగున చిన్న రంధ్రమో, సందో ఉంటుంది. లోపల కారేది అక్కడి నుంచి బయటికి వస్తుంది.

పొద్దున మరక ఎక్కడ పడిందో ముందు చూడండి, తర్వాత వేలితో తాకి వాసన చూడండి. నల్లగా, కాలిన నూనె వాసనతో ఉంటే ఇంజన్ ఆయిల్. ఫ్లైవీల్‌ను తిప్పే ఇంజన్ కడ్డీ, అంటే క్రాంక్‌షాఫ్ట్ వెనక సీల్ పోయి ఉండొచ్చు. అయితే పైన వాల్వ్ కవర్ దగ్గర కారిన ఆయిల్ కూడా గోడ వెంబడి దిగి ఇక్కడే చుక్కలు పడుతుంది. కాబట్టి పైభాగం శుభ్రంగా తుడిచి మర్నాడు మళ్లీ చూడండి. చిక్కగా, కుళ్లిన గుడ్డులాంటి ఘాటు గంధకం వాసనతో ఉంటే గేర్ ఆయిల్. నా బండిలో కారింది అదే. పలచగా, జారుడుగా, దాదాపు రంగు లేకుండా ఉంటే బ్రేక్ ఫ్లూయిడ్. బెల్ హౌసింగ్ లోపలే స్లేవ్ సిలిండర్ (ద్రవం ఒత్తిడితో క్లచ్‌ను విడిపించే భాగం) ఉండే బండ్లలో అది నేరుగా ప్లేటు మీద పడుతుంది. ఇది పెయింట్‌ను తినేస్తుంది, చెయ్యి వెంటనే కడుక్కోండి. ఏసీ నీళ్లు కూడా కింద పడతాయి, వాటికి వాసన, జిడ్డు ఉండవు. వాటిని చూసి టెన్షన్ పడకండి.

ఆయిల్ ప్లేటుకు చేరిందని తేలితే ఆ ప్లేటు పనికిరాదు. పెట్రోల్‌తో కడిగి బిగిస్తే చాలని కొందరు చెబుతారు. లైనింగ్ లోపలికి పీల్చుకున్న నూనె కడిగితే పోదు, వేడెక్కగానే మళ్లీ పైకి వస్తుంది. కావాలని క్లచ్ జారించి నూనె కాల్చేయమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. దానివల్ల ఫ్లైవీల్ కూడా పాడవుతుంది. ప్లేటుతో పాటు కారే సీల్ కూడా మార్చమని షెడ్డులో నోటితో చెప్పడమే కాదు, కాగితం మీద రాయించండి.

వచ్చే పాఠానికి ముందు

కేబుల్, మౌంటింగ్, ఇంజన్ ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ నడిచే తీరు) మూడూ బాగుండి, అదురు మాత్రం వేడితో పెరుగుతుంటే గేర్‌బాక్స్ దించక తప్పదు. ఆరో పాఠంలో ఆ పనే చేస్తాం. దించిన ప్లేటు మీద రంగులు ఏం చెబుతాయో, ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు ఎలా ఉంటాయో, గాజువాక ఆటోనగర్ లాంటి చోట లేత్ షాపుకి ఫేసింగ్‌కి (ఫ్లైవీల్ ముఖాన్ని చదును చేయడానికి) ఇచ్చేటప్పుడు ఏం అడగాలో చూద్దాం. ఈలోగా వారం రోజుల పుస్తకంలో రోజుకు మూడు గీతలు చాలు: పొద్దున మొదటిసారి తీసినప్పుడు, ట్రాఫిక్ తర్వాత, రివర్స్‌లో. అదిరిందా లేదా, అంతే రాయండి. ఈ రాత్రికే అట్టముక్క పరవండి. దాని మీద ముందు చక్రాలు ఏ వైపు ఉన్నాయో పెన్నుతో గుర్తు పెట్టడం మర్చిపోకండి, లేకపోతే పొద్దున మరక ఎక్కడిదో తేల్చుకోలేరు.