చలికాలం కూరగాయల కోసం మిద్దె తోటని ఇప్పుడే రెడీ చేసుకోండి

వినాయక చవితి నుంచి దీపావళి దాకా ఉండే ఈ రెండు నెలలు మిద్దె తోట పెట్టుకున్నవాళ్ళకి ఏడాది మొత్తంలో చాలా ముఖ్యమైన టైం. డిసెంబర్‌లో క్యాబేజీ గడ్డ కట్టాలన్నా సంక్రాంతికి చామంతులు విరగపూయాలన్నా పని ఇప్పుడే జరగాలి. చాలామంది చలి మొదలయ్యాక నవంబర్ చివర్లో విత్తనాలు కొంటారు, అవి మొలిచి నారు అయ్యి ఎదిగేసరికి ఫిబ్రవరి ఎండలు వచ్చేస్తాయి, ఇంక కాలీఫ్లవర్ పువ్వు గట్టిగా ఎక్కడ కడుతుంది చెప్పండి. నేను చెప్పే తేదీలు హైదరాబాద్ చుట్టుపక్కలకి సరిపోతాయి, కోస్తా వాళ్ళ సంగతి కింద విడిగా రాశాను.

విత్తనాల కంటే ముందు మట్టి. జూన్ నుంచి పడిన వానలకి కుండీల్లో మట్టి అడుక్కి దిగి గట్టిపడిపోయి ఉంటుంది, పోషకాలు, ముఖ్యంగా నత్రజని, నీళ్ళతో పాటే కన్నాల్లోంచి వెళ్ళిపోతాయి, అందుకే ఈ సీజన్‌లో మొక్కలు పచ్చగా ఉన్నట్టే ఉండి కింది ఆకులు పసుపెక్కుతుంటాయి. కాపు అయిపోయిన బెండ, గోరుచిక్కుడు, ముదిరిపోయిన తోటకూర మొహమాటం లేకుండా పీకేయండి. కుండీని పక్కకి వంచి అడుగున చూడండి, కన్నాలకి వేర్లు, బురద అడ్డంపడి ఉంటే ఇనుప చువ్వతో పొడిచి క్లియర్ చేయండి. మట్టి మొత్తం పట్టా మీద పోసి, గడ్డలు చేత్తోనే చిదమండి. ఇలా చిదిమేటప్పుడే తెల్లగా, లావుగా, సగం సున్నా చుట్టినట్టు ముడుచుకుని, గోధుమరంగు తలతో ఉండే పురుగులు బయటపడతాయి, అవి వేరుపురుగులు. మొక్క పైకి బాగానే ఉండి ఒక్కసారిగా వాడిపోతోందంటే చాలాసార్లు కారణం ఇవే, ఒక్కటి కూడా వదలకుండా ఏరేయండి. వాన లేని రోజులు చూసుకుని రెండు మూడు రోజులు మట్టిని ఎండనివ్వండి.

తర్వాత కలపడం. ఎండిన పాత మట్టి సగం, మాగిన పేడ ఎరువు గానీ వర్మీకంపోస్ట్ గానీ పావు వంతు, మిగతా పావు వంతులో కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), కొంచెం ఇసుక. 20 లీటర్ల బకెట్‌కి రెండు గుప్పెళ్ళ వేపపిండి. పేడ ఎరువు మాగిందా లేదా అన్నది అమ్మేవాళ్ళ మాట మీద వదిలేయకండి, చెయ్యి లోపల పెడితే వెచ్చగా ఉండకూడదు, పేడ వాసన రాకూడదు, పిడికిట్లోంచి టీ పొడిలా రాలాలి. పచ్చి ఎరువు వేస్తే వేడికి నారు చచ్చిపోతుంది, పైగా వేరుపురుగుల్ని మళ్ళీ మనమే తెచ్చిపెట్టుకున్నట్టు. వీలైతే ట్రైకోడెర్మా (కుళ్ళు తెగుళ్ళని అణిచే మేలు చేసే శిలీంధ్రం) పొడి కూడా తెచ్చుకోండి, 10 కిలోల వర్మీకంపోస్ట్‌లో 200 గ్రాములు కలిపి, కొంచెం నీళ్ళు చిలకరించి, నీడలో తడి గోనెసంచి కప్పి ఒక వారం ఉంచి అప్పుడు మట్టిలో కలపండి, నారుకుళ్ళు, వేరుకుళ్ళు చాలావరకు తగ్గుతాయి. ఇంట్లో బకెట్‌లో నిమజ్జనం చేసిన మట్టి వినాయకుడు ఉంటే, రంగులు వేయనిదైతే, ఆ మట్టి కూడా వాడొచ్చు, కాకపోతే అది బంకమట్టి కాబట్టి ఒకే కుండీలో కుక్కకుండా ఇసుక కలిపి నాలుగైదు కుండీలకి పంచండి. పత్రి కంపోస్ట్ డబ్బాలో వేసేయండి, బతుకమ్మకి తెచ్చిన గునుగు, బంతి మిగిలినా అంతే.

మట్టి నింపే ముందే కుండీ ఎక్కడ పెట్టాలో చూసుకోండి, 20 లీటర్ల బకెట్ తడిమట్టితో ఎంత లేదన్నా 25, 30 కిలోలు తూగుతుంది, స్లాబ్ మధ్యలో గుంపుగా పెట్టొద్దు, గోడలు, బీములు ఉన్న వైపు పెట్టండి, కింద ఇటుకలు వేస్తే నీళ్ళు నిలవవు.

ఎండ విషయం మాత్రం చాలామంది పట్టించుకోరు. మే నుంచి ఆగస్టు దాకా మన దగ్గర మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తినే ఉంటాడు, మేడ మీద ఎక్కడ పెట్టినా ఎండే. సెప్టెంబర్ 23 దాటిన దగ్గర్నుంచి రోజురోజుకీ దక్షిణానికి దిగిపోతూ డిసెంబర్ 21కి మధ్యాహ్నం 12కి కూడా హైదరాబాద్‌లో 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణం వైపు 3 అడుగుల పిట్టగోడ ఉంటే దాని నీడ నడిమధ్యాహ్నమే రెండున్నర అడుగులు లోపలికి పడుతుంది, ఉదయం, సాయంత్రం ఇంకా ఎక్కువ. అటువైపు పెద్ద అపార్ట్‌మెంట్ ఉంటే చెప్పక్కర్లేదు. కాబట్టి ఇప్పుడు ఎండ పడుతోంది కదా అని దక్షిణపు గోడకి ఆనించి టమాటా పెడితే డిసెంబర్‌లో పూత రాదు. టమాటా, వంగ, మిర్చి, కాలీఫ్లవర్ లాంటివి ఉత్తరం వైపుకి జరపండి, వాటికి రోజుకి 6 గంటల ఎండ కావాలి. పాలకూర, మెంతికూర, పుదీనా 3, 4 గంటలతో సర్దుకుంటాయి, గోడ నీడ వాటికి ఇచ్చేయండి.

నారు సెప్టెంబర్‌లో ఒకసారి, అక్టోబర్ మొదటి పక్షంలో ఇంకోసారి పోసుకోండి, ఒక విడత వానకి పోయినా ఇంకోటి ఉంటుంది. ప్రోట్రేల్లో, అంటే చిన్న చిన్న గుంటలుండే నారు ట్రేల్లో, కోకోపీట్, వర్మీకంపోస్ట్ కలిపి నింపి గుంటకి ఒక్క విత్తనం, అర సెంటీమీటర్ లోతు చాలు. మొలక కనపడగానే వెలుతురులోకి తెచ్చేయండి, నీడలో ఒక్కరోజు ఎక్కువ ఉంటే సన్నగా సాగిపోయి పడిపోతాయి, అలాగని నేరుగా వానలో పెట్టొద్దు, పైన ట్రాన్స్‌పరెంట్ షీట్ ఏదైనా కట్టండి. టమాటా వారంలోపే మొలుస్తుంది, మిర్చికి పది పన్నెండు రోజులు పట్టొచ్చు, కంగారుపడి తవ్వి చూడొద్దు. క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు 25, 30 రోజులకి నాటేయాలి, 40 రోజులు ట్రేలోనే ముదిరిపోయిన నారు నాటితే కాలీఫ్లవర్ గుండీ అంత పువ్వు వేసి ఆగిపోతుంది, తర్వాత ఎంత ఎరువు వేసినా లాభం లేదు. విత్తనం కొనేటప్పుడే అది ముందుగా వేసే రకమా ఆలస్యంగా వేసే రకమా అని ప్యాకెట్ మీద చూడండి. టమాటాలో బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క రక్షక్ మంచిది, ఆకుముడత వైరస్‌నీ, బాక్టీరియా ఎండు తెగులునీ, ఆకుమాడునీ తట్టుకుంటుంది, కానీ హైబ్రిడ్ కాబట్టి దాని విత్తనం దాచుకుని మళ్ళీ వేయొద్దు.

క్యారెట్, ముల్లంగి, బీట్‌రూట్ నారు పోసేవి కావు, ఎక్కడ పెరగాలో అక్కడే చల్లాలి, క్యారెట్, ముల్లంగికి అడుగు లోతు ఉండాలి, రాళ్ళు గడ్డలు ఉంటే దుంప రెండుగా చీలుతుంది. క్యారెట్ మొలవడానికి 10 నుంచి 15 రోజులు, అన్ని రోజులూ పైమట్టి ఆరకూడదు, తడి గోనెసంచి కప్పి మొలక కనపడ్డ రోజే తీసేయండి. బీట్‌రూట్‌లో ఒక గింజ నుంచే రెండు మూడు మొలకలొస్తాయి, ఒకటి ఉంచి మిగతావి తుంచి కూరలో వేసుకోండి. ధనియాలు రెండు బద్దలయ్యేలా చపాతీ కర్రతో మెల్లగా నలిపి రాత్రంతా నానబెట్టి చల్లండి. ఎండాకాలంలో జానెడు పెరగకముందే పూతకొచ్చే కొత్తిమీర ఈ చలికి చక్కగా గుబురుగా వస్తుంది.

పందిరి చిక్కుడు వేసినవాళ్ళు ఇప్పుడు తీగంతా ఆకులే, పూత లేదు అని బాధపడుతుంటారు, దయచేసి పీకేయకండి. పాత నాటు రకాలు పగటి టైం తగ్గితేనే పూతకొస్తాయి, అక్టోబర్, నవంబర్‌లో అదే వస్తుంది, నత్రజని ఎక్కువుండే ఎరువులు మాత్రం ఆపేయండి. పూత మొదలవగానే కొసలకి నల్లగా పేనుబంక పడుతుంది, చీమలు వరసగా పైకి పోతున్నాయంటే ఆ పేనుబంక పురుగులు వదిలే తేనె లాంటి జిగురు కోసమే. ముందు నీళ్ళ పైపుతో గట్టిగా కొట్టి కడిగేయండి, తర్వాత లీటర్ నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం లిక్విడ్ సోప్ బాగా గిలక్కొట్టి సాయంత్రం పూట ఆకు అడుగున తడిచేలా కొట్టండి, వారానికోసారి. ఎండలో కొడితే ఆకులు మాడతాయి. పిండినల్లికి, తెల్లదోమకి కూడా ఇదే.

చామంతి కూడా పగలు తగ్గితేనే మొగ్గ వేసే మొక్కే, సెప్టెంబర్ మొదటి వారాలతో కొసలు తుంచడం ఆపేయాలి, ఆ తర్వాత తుంచితే మొగ్గలు పోతాయి. గులాబీలు వానలు ఆగాక అక్టోబర్‌లో కత్తిరించుకోండి, ఎండిన కొమ్మలు, లోపలికి పెరిగినవి, పెన్సిల్ కంటే సన్నవి తీసేసి, కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ (తెగుళ్ళ మందు) ముద్ద పూయండి, ఇంచుమించు 45 రోజులకి పూలొస్తాయి. మల్లెలు ఇప్పుడు ముట్టుకోవద్దు.

కోస్తా వాళ్ళకి అక్టోబర్, నవంబర్ అంటే తుఫాన్లు, వైజాగ్‌లో హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12నే. నెల్లూరు, ప్రకాశం వైపు అసలు పెద్ద వానలే ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అందుకని అక్కడ మట్టి, నారు పని ఇప్పుడే చేసుకున్నా నారు ట్రేలు ఎత్తి లోపల పెట్టుకునేలా ఉంచుకోండి, కాలీఫ్లవర్, క్యాబేజీ నాటడం నవంబర్‌కి జరిపినా పర్లేదు, వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే పిట్టగోడ మీద కుండీలన్నీ దించేయండి, అవి కింద ఎవరి మీదైనా పడితే ప్రాణాలు పోతాయి.

నాటిన రెండు వారాల నుంచి జీవామృతం మొదలుపెట్టండి. 20 లీటర్ల నీళ్ళలో కిలో ఆవు పేడ, లీటర్ ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు మంచి మట్టి, నీడలో 48 గంటలు ఉంచి పొద్దున సాయంత్రం కర్రతో తిప్పాలి. వారంలోపు వాడేయండి, ఒకటికి పది వంతుల నీళ్ళు కలిపి మొక్క మొదట్లో పోయండి, పదిహేను రోజులకోసారి. బఠాణీ మాత్రం ఇప్పుడే తొందరపడి వేయొద్దు, రాత్రులు చల్లబడ్డాక నవంబర్ మొదట్లో పెట్టుకోండి.