కాల్మోడ్యులిన్ పుల్‌డౌన్ చేసేటప్పుడు కాల్షియం లెక్క తప్పకుండా

ఇ47 లాంటి, జన్యువుల పనిని నియంత్రించే ప్రొటీన్లలో డీఎన్‌ఏని పట్టుకునే క్షార భాగానికే కాల్షియం నిండిన కాల్మోడ్యులిన్ (కణంలో కాల్షియాన్ని పట్టుకునే ప్రొటీన్) కూడా అతుక్కుంటుంది. ఒకటి పట్టుకుంటే రెండోదానికి చోటు దొరకదు. ఈ అతుకును చూసేది పుల్‌డౌన్‌తో: కాల్మోడ్యులిన్ అంటించిన బీడ్స్‌తో, దాన్ని పట్టుకునే ప్రొటీన్‌ని బయటికి లాగడం.

420 మిల్లీమోలార్ ఉప్పుతో తీసిన న్యూక్లియర్ ఎక్స్‌ట్రాక్ట్‌ని (కణకేంద్రకాల నుంచి తీసిన ప్రొటీన్ ద్రావణం) 150కి పలచన చేయండి. ఉప్పు ఎక్కువైతే విద్యుదావేశాల మీద నిలిచే ఈ బంధం ఊడిపోతుంది. దాన్ని రెండు ట్యూబుల్లో పోసి, ఒకదాంట్లో 2 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్, రెండోదాంట్లో, పోలిక కోసం, 5 మిల్లీమోలార్ ఈజీటీఏ (కాల్షియాన్ని బంధించి తీసేసే రసాయనం) కలపండి. కాల్మోడ్యులిన్ సెఫరోజ్ బీడ్స్ వేసి 4 డిగ్రీల్లో 2 గంటలు తిప్పండి. తర్వాత ఏ ట్యూబుని ఆ ట్యూబు బఫర్‌తోనే నాలుగుసార్లు కడగండి. కాల్షియం ట్యూబులో పట్టిన ప్రొటీన్‌ని 5 మిల్లీమోలార్ ఈజీటీఏతో విడిపించి వెస్టర్న్ బ్లాట్ (యాంటీబాడీతో ప్రొటీన్‌ని గుర్తించే పరీక్ష) చేయండి.

ఎక్కువమంది దెబ్బతినేది బఫర్ దగ్గరే. ఫాస్ఫేట్ బఫర్ వద్దు, కాల్షియం తెల్లగా అడుగున పేరుకుంటుంది, ట్రిస్ వాడండి. ప్రొటీన్లు విరిగిపోకుండా వేసే ప్రొటియేజ్ ఇన్హిబిటర్ మాత్రలో ఈడీటీఏ (ఇదీ కాల్షియాన్ని బంధించేదే) లేదని లేబుల్ చూసి నిర్ధారించుకోండి. హైదరాబాద్ బోరు నీళ్లు కఠినజలం, అంటే వాటిలో కాల్షియం ఎక్కువ. వాటితో కడిగి ఆరబెట్టిన సీసా మెడ దగ్గర తెల్లటి చార కనిపిస్తే అందులో ఈజీటీఏ బఫర్ కలపకండి. కొత్త ప్లాస్టిక్ ట్యూబు, మిల్లీక్యూ (అతిశుద్ధ) నీళ్లు మేలు.

ఇ47 కాల్మోడ్యులిన్‌ని నేరుగా పట్టుకోకపోయినా, దాన్ని పట్టుకున్న మరో ప్రొటీన్‌తో కలిసి ఒకే డీఎన్‌ఏ ముక్కకు వేలాడుతుంటే బ్లాట్‌లో బ్యాండ్ వస్తుంది. డీఎన్‌ఏని ముందే కోసేయండి, కానీ డీఎన్ఏజ్-1 అనే ఎంజైమ్‌తో కాదు: దానికి కాల్షియం కావాలి, ఈజీటీఏ ట్యూబులో మందగిస్తుంది, పోలిక చెడుతుంది. మెగ్నీషియంతో పనిచేసే బెంజోనేజ్ అనే ఎంజైమ్ వాడండి.